లెక్కకెక్కని ఆట: బిల్ రసెల్ తొలినాళ్లు

 పిల్లలకు ఆట నేర్పిన మాస్టారి పేరున జరిగే ఈ వార్షిక సభలో ఆయన గుణగణాలను నాకన్నా బాగా చెప్పగలవారు ఈ హాలులోనే ఎందరో ఉన్నారు. ఆయన జీవితమంతా నమ్మి ఆచరించిన ఒక సంగతిని మరొకరి జీవితంలో వెతికి మీ ముందుంచడం నేను చేయగల పని. 

మాస్టారు మద్రాసు సైదాపేటలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొంది వచ్చినవారు. హారీ క్రో బక్ 1920లో నెలకొల్పిన ఆ కళాశాల దక్షిణాది బడులకు తరతరాలుగా డ్రిల్లు మాస్టార్లను ఇచ్చింది. బాస్కెట్‌బాల్ పుట్టింది కూడా వై.ఎం.సి.ఎ. శిక్షణాలయంలోనే. 1891 డిసెంబరులో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి ఆరుబయట ఆడే వీలులేని విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీ అంచుకు కొట్టించి, 13 నియమాలు రాసి ఈ ఆటను మొదలుపెట్టాడు. ఒక ఉపాధ్యాయుడు తన తరగతి కోసం కల్పించిన ఆట ఇది. ఇంకొక ఉపాధ్యాయుడి సంస్మరణ సభలో దాని గురించి మాట్లాడటం సముచితమనుకుంటాను.

నేను ఎంచుకున్న ఆటగాడు బిల్ రసెల్. 13 ఏళ్ల వృత్తి జీవితంలో బోస్టన్ సెల్టిక్స్ జట్టుతో 11 ఎన్.బి.ఎ. ఛాంపియన్‌షిప్‌లు గెలిచినవాడు. 1966లో ఆ లీగులో తొలి నల్లజాతి ప్రధాన శిక్షకుడయినవాడు. 2022 జులై 31న, 88 ఏళ్ల వయసులో మరణించాడు. మరుసటి నెలలోనే అతని 6వ నంబరును ఇకపై ఏ జట్టూ కొత్త ఆటగాడికి ఇవ్వకూడదని ఎన్.బి.ఎ. నిర్ణయించింది. ఆ 11 విజయాల గురించి ఎందరో రాశారు. నేను అంత దూరం వెళ్లను. 1934 నుంచి 1958 దాకా, అంటే పుట్టుక నుంచి వృత్తి క్రీడలో రెండో ఏడు ముగిసేదాకా, ఆ 24 ఏళ్ల మీదే నా దృష్టి.

నా ప్రతిపాదన ఇది. బాస్కెట్‌బాల్‌లో గెలుపోటములను తేల్చే పనిలో పెద్ద భాగం స్కోరు పుస్తకంలోకి ఎక్కదు. బుట్టలో పడిన బంతికి అంకె ఉంది. ప్రత్యర్థి వేయబోయి, భయపడి మానుకున్న షాట్‌కు ఏ అంకే లేదు. రసెల్ ఆ అంకె లేని పనిని తన వృత్తిగా ఎంచుకున్నాడు. అది ఎత్తు వల్లనో ఎగిరే శక్తి వల్లనో మాత్రమే జరిగిందని నేను అనుకోను. తనవాళ్లను మనుషుల లెక్కలోకి తీసుకోని సమాజంలో అతను పుట్టాడు. ఆ లెక్కకు తలవంచని తల్లిదండ్రుల చేతుల్లో పెరిగాడు. బయటివాళ్ల కొలతలను నమ్మకుండా తన కొలతలు తానే పెట్టుకోవడం ఇంట్లో నేర్చుకుని, అదే బుద్ధిని కోర్టులోకి తెచ్చాడు. అతని ఆటకు మూలం అక్కడుంది.

రసెల్ 1934 ఫిబ్రవరి 12న లూసియానా రాష్ట్రంలోని మన్రో పట్టణంలో పుట్టాడు. తండ్రి చార్లెస్, తల్లి కేటీ, అన్న చార్లీ. రైలు పెట్టెల్లో తెల్లవారికీ నల్లవారికీ వేరు స్థానాలుంచినా అది సమానత్వానికి భంగం కాదని 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లూసియానాలో నడిచిన వ్యాజ్యం మీదే వచ్చింది. ఆ తీర్పు నీడలో బడి, ఆసుపత్రి, మంచినీళ్ల కుళాయి, శ్మశానం అన్నీ వేరయ్యాయి. రసెల్ పుట్టేనాటికి ఆ ఏర్పాటుకు దాదాపు నలభై ఏళ్లు. అక్కడి పిల్లలకు అది ఎండావానల్లాగే లోకసహజంగా కనిపించేది.

తన బాల్యం గురించి రసెల్ తర్వాత చెప్పుకున్న రెండు సంఘటనలున్నాయి. తండ్రి ఒకసారి పెట్రోలు బంకు దగ్గర కారు ఆపాడు. తెల్లవాళ్లందరికీ పోసేదాకా బంకువాడు అతని వైపు చూడలేదు. విసిగి వెళ్లిపోబోతే తుపాకి గురిపెట్టి, తన వంతు వచ్చేదాకా అక్కడే ఉండమన్నాడు. ఇంకోసారి తల్లి చక్కగా కుట్టించుకున్న సూటు వేసుకుని బజారుకు వెళ్తే పోలీసు ఒకడు ఆపి, తెల్ల ఆడవాళ్లలా ఈ బట్టలేమిటి, ఇంటికి పోయి విప్పెయ్యమని గద్దించాడు. ఆమె ఇంటికి వచ్చి ఏడ్చింది. మనిషి ఎక్కడ నిలబడాలో, ఏం కట్టుకోవాలో కూడా ఇంకొకరు తేల్చే చోట బిడ్డలను పెంచకూడదని ఆ దంపతులు నిశ్చయించుకున్నారు.

ఇలా నిశ్చయించుకున్నది వాళ్లొక్కరే కాదు. 1910 నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లజాతి ప్రజలు అమెరికా దక్షిణ రాష్ట్రాలను విడిచి ఉత్తరానికీ పడమటికీ తరలిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం ఆ వలసను ఉధృతం చేసింది. కాలిఫోర్నియా తీరంలో ఓడల నిర్మాణానికి లక్షల చేతులు కావలసివచ్చాయి. రసెల్ తండ్రి ముందుగా డెట్రాయిట్ వెళ్లి, అక్కడి చలి తట్టుకోలేక, పడమటి తీరంలోని ఓక్లాండ్ చేరుకుని, తర్వాత భార్యాబిడ్డలను పిలిపించుకున్నాడు. అప్పటికి బిల్‌కు ఎనిమిది తొమ్మిదేళ్లు. ఓక్లాండ్ పడమటి పేటలో ప్రభుత్వ గృహసముదాయంలో కాపురం పెట్టారు.

అక్కడ జరిగిన ఒక చిన్న ఘటనను రసెల్ ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నాడు. ఇంటిముందు నిలబడి ఉంటే కొందరు కుర్రాళ్లు పరిగెత్తుకుంటూ పోతూ, వాళ్లలో ఒకడు అతని చెంప మీద కొట్టాడు. తల్లి చూసింది. పిల్లవాడి చెయ్యి పట్టుకుని వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, ఒక్కొక్కరితో విడివిడిగా తలపడమంది. కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు. చివరికి మిగిలినవాడు కొట్టినవాడు కాదని కొడుకు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. గెలిచిందెవరన్నది ఆమెకు పట్టలేదు. కొడుకు నిలబడ్డాడా లేదా అన్నదే చూసింది.

1946లో, బిల్‌కు 12 ఏళ్లప్పుడు, ఆమె జబ్బుచేసి చనిపోయింది. పిల్లలిద్దరూ కాలేజీ చదవాలన్నది ఆమె పట్టుదల. కూలీలను పొలాలకు చేరవేసే లారీ వ్యాపారం చేస్తున్న తండ్రి ఆ రాబడి వదులుకున్నాడు. సాయంత్రానికి ఇల్లు చేరుకుని పిల్లలను కనిపెట్టుకుని ఉండేందుకు ఇనుము పోత పోసే కార్ఖానాలో పనికి కుదిరాడు. ఆ తండ్రి త్యాగం గురించి క్రీడా చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకవు. నాకైతే అది ఈ కథకు మూలస్తంభం.

తల్లి పోయాక ఆ పిల్లవాడు మాటలు తగ్గించుకున్నాడు. ఓక్లాండ్ ప్రజా గ్రంథాలయం అతని ఆశ్రయమైంది. అక్కడ ఒక చరిత్ర పుస్తకంలో, ఆఫ్రికాలో ఉండిపోయినవాళ్ల కన్నా అమెరికాలో బానిసలే మేలైన బతుకు బతికారన్న అర్థం వచ్చే మాట చదివి రగిలిపోయాడు. అక్కడే మరో పుస్తకంలో హైతీ దేశపు ఆన్రీ క్రిస్టోఫ్ గురించి చదివాడు. బానిసగా పుట్టి, ఫ్రెంచి సేనల మీద పోరాడి, రాజైనవాడు. ఒకే గ్రంథాలయం ఒక అబద్ధాన్నీ దానికి జవాబునూ అతని చేతికిచ్చింది. అచ్చయిన ప్రతిదీ నిజం కాదన్న ఎరుక అతనికి ఆ వయసులోనే కలిగింది.

అదే చోటు నుంచి అతను చిత్రకళ పుస్తకాలు తెచ్చుకునేవాడు. మైకలాంజెలో, లియొనార్డో చిత్రాల నకళ్లను ఇంటికి తెచ్చి, గంటల తరబడి చూసి, పుస్తకం మూసేసి, జ్ఞాపకం మీద వాటిని గీయడానికి కూర్చునేవాడు. చెయ్యి సాగేది కాదు. గీసిన బొమ్మను అసలు చిత్రం పక్కన పెట్టి ఎక్కడ తప్పిందో చూసుకునేవాడు. ఒక వేలి మలుపు, బట్ట మడతలో ఒక నీడ చూడటంలోనే జారిపోయిందని తెలిసేది. మళ్లీ చూసేవాడు. ఆ పిల్లవాడు చిత్రకారుడు కాలేదు. కానీ చూపును అంత నిష్ఠగా సాధనచేసిన ఆటగాళ్లు అరుదు. దీని ప్రయోజనం కొన్నేళ్ల తర్వాత ఒక బస్సులో బయటపడింది. అక్కడికి వస్తాను.

హైస్కూలు నాటికి రసెల్ పొడుగ్గా, బక్కగా, కాళ్లూ చేతులూ తనవి కానట్టు తడబడే కుర్రవాడు. అంతకుముందు బడి జట్టులో చోటే దొరకలేదు. అన్న చార్లీ వేరే హైస్కూల్లో పేరున్న క్రీడాకారుడు. తమ్ముడు మెక్‌క్లైమండ్స్ హైస్కూల్లో జూనియర్ జట్టు ఎంపికకు వెళ్లాడు. ఆ జట్టు శిక్షకుడు జార్జ్ పోల్స్ తెల్లజాతి ఉపాధ్యాయుడు. ఆయన అసలు విద్య బేస్‌బాల్. ఆయన దగ్గర 15 జెర్సీలున్నాయి, ఎంచుకున్నది 16 మందిని. పదిహేనో జెర్సీని రసెల్, మరో కుర్రవాడు వంతులవారీగా తొడుక్కునేవారు. ఒక ఆటలో ఒకరు దుస్తుల్లో ఉంటే మరొకరు ప్రేక్షకుల్లో కూర్చునేవారు. బాలుర క్లబ్బులో చేరి రోజూ ఆడుకోమని పోల్స్ తన జేబులోంచి డబ్బిచ్చారు.

పదహారోవాడిని ఎందుకు ఉంచుకున్నారు? జెర్సీలు 15 కాబట్టి 15 మంది చాలు అనడం ఏ బడిలోనైనా సహజం. అలా అని ఉంటే రసెల్ అక్కడితో ఆట మానేసేవాడు. ఆ మాట అతనే తర్వాత చెప్పుకున్నాడు. పోల్స్ చేతికింద ఆడినవాళ్లలో ఫ్రాంక్ రాబిన్సన్, కర్ట్ ఫ్లడ్ కూడా ఉన్నారు. రాబిన్సన్ 1975లో అమెరికా ప్రధాన బేస్‌బాల్ లీగుల్లో తొలి నల్లజాతి మేనేజర్ అయ్యాడు. ఆటగాళ్లను సరుకుల్లా ఒక జట్టు నుంచి మరో జట్టుకు మార్చే పద్ధతిని ఫ్లడ్ కోర్టుకెక్కి సవాలు చేశాడు. ఒకే బీదపేట, ఒకే ఉపాధ్యాయుడు. ఎన్.బి.ఎ.లోనూ ప్రధాన బేస్‌బాల్ లీగుల్లోనూ తొలి నల్లజాతి సారథులిద్దరూ ఆయన శిష్యులే. దీన్ని యాదృచ్ఛికమని నేను సరిపెట్టుకోలేను.

1952 జనవరిలో, విద్యా సంవత్సరం మధ్యలో చదువు ముగించిన ఆటగాళ్లతో కాలిఫోర్నియా హైస్కూళ్ల జట్టొకటి ఉత్తర పసిఫిక్ తీర ప్రాంతాల యాత్రకు బయలుదేరింది. రసెల్ ఆ నెలలో చదువు ముగించాడు కాబట్టే ఎంపికయ్యాడు. వేసవిలో ముగించి ఉంటే అతని పేరు ఎవరికీ తట్టేది కాదు. ఆ దీర్ఘమైన బస్సు ప్రయాణాల్లో అతను పాత అలవాటును కొత్త పనికి మళ్లించాడు. తోటి ఆటగాడు బంతిని తీసుకుని రింగు వైపు వెళ్లే తీరును కళ్లు మూసుకుని అడుగడుగూ మనసులో వేసుకునేవాడు. అది స్పష్టంగా కనిపించాక ఆ చిత్రంలో తనను నిలబెట్టుకునేవాడు. మర్నాడు కోర్టులో దాన్ని చేసి చూసేవాడు. ఎక్కడ తేడా వచ్చిందో మళ్లీ బస్సులో సరిచూసుకునేవాడు. మైకలాంజెలో బొమ్మ దగ్గర తెమలని పని ఇక్కడ తెమిలింది.

ఇంకొక అడుగు వేశాడు, అది అన్నిటికన్నా విలువైనది. జట్టులో బిల్ ట్రూ అనే నేర్పరి ఉన్నాడు. అతని కదలికలు తనకు నప్పేవి కావు కాబట్టి అనుకరించడానికి బదులు, రసెల్ వాటికి ఎదురు నిలిచే మనిషిగా తనను ఊహించుకోవడం మొదలుపెట్టాడు. అతను ఎడమకు తిరిగితే తన కుడికాలు ఎక్కడుండాలి, అతను లేస్తే తను ఎప్పుడు లేవాలి? షాట్ వేసే మనిషికి అద్దంలో ప్రతిబింబంలా కదిలాడు. తను ఎడమచేతివాటం మనిషి కావడంతో కుడిచేత్తో షాట్ వేసేవాడికి సూటిగా అడ్డం వచ్చేవాడు. ఆనాటి శిక్షకులందరి సూత్రం ఒక్కటే: డిఫెన్స్‌లో కాళ్లు నేల విడవకూడదు. ఆ యాత్రలో అతన్ని ఎవరూ ఆపలేదు కాబట్టి ఎగిరాడు. రింగుకు పైనున్న గాలి కూడా కాపలా కాయవలసిన స్థలమేనని అక్కడ గ్రహించాడు.

అతనికి వచ్చిన ఉపకారవేతనం ఒక్కటే. శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం ఇచ్చింది. జెసూట్ ఫాదర్లు నడిపే చిన్న విద్యాసంస్థ అది. సొంత వ్యాయామశాల కూడా లేక పక్కనున్న హైస్కూల్లో సాధన చేసుకునేవాళ్లు. కానీ ఆ సంస్థకు ఒక చరిత్ర ఉంది. 1951లో వారి ఫుట్‌బాల్ జట్టు ఆడిన తొమ్మిదీ గెలిచింది. ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను వదిలి వస్తే పెద్ద పోటీకి పిలుస్తామని దక్షిణాది నుంచి సూచన వస్తే, ఆ జట్టంతా వద్దనుకుంది. మరుసటి ఏడు అక్కడికి చేరిన రసెల్‌కు గదిలో తోడు కె.సి. జోన్స్. ఇద్దరూ రాత్రుళ్లు బాస్కెట్‌బాల్‌ను జ్యామితిలా చర్చించుకునేవాళ్లు. బంతి ఏ కోణంలో రింగును తాకితే ఏ దిక్కుకు పోతుంది, ఎదుటివాణ్ణి ఏ గీత వైపు నెడితే అతనికి దారి మూసుకుపోతుంది? కోర్టు వాళ్లకు కొలవదగిన క్షేత్రం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో రసెల్ సీనియర్ జట్టు తరఫున ఆడిన తొలి ఆటను కొంచెం దగ్గరగా చూద్దాం. ఎదుట బాబ్ మెకీన్, దేశవ్యాప్తంగా పేరున్న సెంటర్. మెకీన్ వేసిన షాట్లు వరసగా రసెల్ చేతికి తగిలి వెనక్కి వచ్చాయి. అవతలి శిక్షకుడు విరామం కోరి తమవాళ్లను కూడదీసుకున్నాడు. ఇవతల సొంత శిక్షకుడు ఫిల్ వుల్‌పర్ట్ రసెల్‌తో, డిఫెన్స్ అలా ఆడరాదని, ప్రత్యర్థికి పక్కగా నిలిచి కాళ్లు నేలమీద ఉంచాలని చేసి చూపించాడు. రసెల్ గురువు మాట కాదనక అలాగే ఆడాడు. మెకీన్ సునాయాసంగా బుట్టలు వేశాడు. దాంతో రసెల్ తన పద్ధతికి తిరిగి వెళ్లిపోయాడు, జట్టు గెలిచింది. వుల్‌పర్ట్‌ను ఇందుకు తక్కువ చేయను. తన సూత్రానికి ఒదగని కుర్రవాణ్ణి ఆయన బెంచీ మీద కూర్చోబెట్టలేదు. మూడేళ్లూ ఆడనిచ్చాడు.

1954 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో యు.సి.ఎల్.ఎ. చేతిలో 47-40తో ఓడాక వుల్‌పర్ట్ జట్టు కూర్పు మార్చాడు. రసెల్, జోన్స్, హాల్ పెరీ ముగ్గురూ మొదటి అయిదుగురిలో నిలిచారు. ఒక అగ్రశ్రేణి కాలేజీ జట్టులో ముగ్గురు నల్లవాళ్లు ఆట మొదలుపెట్టడం ఆనాడు కనీవినీ ఎరుగనిది. అదే నెలలో ఓక్లహోమా సిటీ పోటీకి వెళ్తే హోటళ్లు ఆ ముగ్గురికీ గదులు లేవన్నాయి. జట్టంతా కలిసి సెలవులకు ఖాళీగా ఉన్న ఒక కాలేజీ వసతిగృహంలో బస చేసింది. సాధన చేస్తుంటే స్థానికులు నాణేలు విసిరారు. రసెల్ వాటిని ఏరి శిక్షకుడి చేతికిచ్చి దాచమన్నాడు. ఆ పోటీ ఆ జట్టే గెలిచింది.

1955 మార్చిలో కాన్సస్ సిటీలో లా సాల్ జట్టును 77-63తో ఓడించి జాతీయ కళాశాలల ఛాంపియన్లయ్యారు. ఆ ఆటలో రసెల్ 23 పాయింట్లు, 25 రీబౌండ్లు, అంటే తప్పిన షాట్ల నుంచి పట్టిన బంతులు. మరుసటి ఏడు ఒక్క ఆటా ఓడకుండా అయోవాను 83-71తో జయించి మళ్లీ గెలిచారు. రసెల్ ఉండగా వరస విజయాలు 55. అతను వెళ్లిపోయాక మరో అయిదు కలిసి మొత్తం 60. మూడేళ్ల కాలేజీ ఆటలో అతని సగటు 20.7 పాయింట్లు, 20.3 రీబౌండ్లు. రింగు దగ్గర పొడవైనవాళ్లు తిష్ఠవేయకుండా ఆ కింది ప్రాంతం వెడల్పును 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచుతూ కాలేజీ క్రీడా సంఘం నియమం మార్చింది. ఒక ఆటగాణ్ణి నిలువరించడానికి కోర్టు గీతలే జరపవలసి వచ్చింది. అయినా జాతీయ విజేతగా నిలిచిన ఆ 1955లో, ఉత్తర కాలిఫోర్నియా ఉత్తమ ఆటగాడి గౌరవాన్ని వేరే కాలేజీ ఆటగాడికి ఇచ్చారు. ఆనాటి నుంచి బిరుదులను నమ్మడం మానుకుని గెలిచిన ఆటలనే లెక్కపెట్టుకోవాలని నిశ్చయించుకున్నానని రసెల్ రాసుకున్నాడు. బయటి కొలతలను అతను మాటల్లో పెట్టి తిరస్కరించిన తొలి సందర్భం ఇదే.

వృత్తి క్రీడ పిలుపు మొదట హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ నుంచి వచ్చింది. వినోద ప్రదర్శనలిచ్చే ఆ నల్లజాతి జట్టు యజమాని ఏబ్ సాపర్‌స్టీన్, బేరమాడటానికి వచ్చి మాటలన్నీ వుల్‌పర్ట్‌తోనే మాట్లాడాడట. పక్కనే కూర్చున్న రసెల్‌ను మనిషిగా కూడా గుర్తించలేదు. ఆ బేరం అక్కడే ముగిసింది.

ఎన్.బి.ఎ.లో చేరే ముందు అతను మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాలనుకున్నాడు. దక్షిణార్ధగోళంలో కాబట్టి 1956 క్రీడలు నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగాయి. వృత్తి లీగు అప్పటికే మొదలైపోయింది. జీతం కొంత పోయినా ఆగాడు. రసెల్ సారథ్యంలో అమెరికా ఎనిమిది ఆటల్లో ఎనిమిదీ గెలిచింది. ఫైనల్లో సోవియట్ యూనియన్ మీద 89-55. ఒక్కో ఆటలో సగటు ఆధిక్యం 53.5 పాయింట్లు.

అదే మెల్‌బోర్న్‌లో మన హైదరాబాదీలూ ఉన్నారు. భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి తీసుకువెళ్లిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. కొత్త బూట్లు కొనలేక పోలీసుల పాత బూట్లతో కుట్టించుకుని ఆడిన కుర్రవాడు. ఓక్లాండ్‌లో జెర్సీ, అమ్ముగూడలో బూట్లు. పోల్స్, రహీం ఒకరినొకరు ఎరగరు. ఇద్దరూ ఉన్న వస్తువుల లెక్కకు మించి మనుషులను చూసినవారు. మాస్టారిని ఎరిగిన ఈ సభకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

ఇక బోస్టన్. 1956లో ఎన్.బి.ఎ. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకున్నప్పుడు మొదటి వంతు రోచెస్టర్‌ది, వాళ్లు రసెల్‌ను వదులుకున్నారు. రెండో వంతు సెయింట్ లూయిస్ హాక్స్‌ది. సెల్టిక్స్ శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్ తన ప్రముఖ సెంటర్ ఎడ్ మెకాలీని, క్లిఫ్ హేగన్‌ను ఇచ్చి ఆ వంతు కొనుక్కున్నాడు. సరిగ్గా షాట్ వేయడం రాని వాడి కోసం అంత ఇచ్చాడేమిటని అనుకున్నవారు ఉన్నారు. ఆవర్‌బాక్ లెక్క వేరు. 1954లో ఎన్.బి.ఎ. 24 సెకన్ల నిబంధన తెచ్చింది. ఆలోగా షాట్ వేసి తీరాలి. ఆట వేగం పుంజుకుంది, షాట్లు పెరిగాయి, తప్పేవీ పెరిగాయి. ఆనాడు నూటికి 40 షాట్లు కూడా బుట్టలో పడేవి కావు. తప్పిన ప్రతి బంతీ ఎవరిదో తేల్చేవాడే ఆటకు యజమాని. బోస్టన్‌కు బాబ్ కూజీ, బిల్ షార్మన్ లాంటి మెరుపు ఆటగాళ్లున్నారు. వాళ్లకు బంతి అందించే మనిషి లేడు. ఆ జట్టు అప్పటిదాకా ఒక్క ఛాంపియన్‌షిప్ కూడా గెలవలేదు.

పాయింట్లు ఎక్కువ వేయలేనేమోనని కొత్త కుర్రవాడు బెంగపడుతుంటే, నువ్వు పట్టే రీబౌండ్లే నీ పాయింట్లనుకుంటామని, జీతం మాట్లాడేటప్పుడు పాయింట్ల ఊసే ఎత్తనని ఆవర్‌బాక్ మాట ఇచ్చాడు. రసెల్ జీవితంలో పోల్స్ తర్వాత అంతటి నమ్మకం చూపినవాడు ఆయనే.

1956 డిసెంబరు 22న రసెల్ తొలి వృత్తి ఆట. 21 నిమిషాల్లో 16 రీబౌండ్లు, 6 పాయింట్లు. ఆ ఏడు సెల్టిక్స్‌లో నల్లజాతి ఆటగాడు అతనొక్కడే. షాట్‌ను అడ్డుకునేటప్పుడు బంతిని ప్రేక్షకుల మీదికి కొట్టి చప్పట్లు కొట్టించుకునేవాడు కాదు. కోర్టు దాటకుండా, తనవాడి చేతికి అందేలా వేళ్ల కొసలతో తట్టేవాడు. కూజీ అప్పటికే పరుగు మొదలుపెట్టేవాడు. ప్రతి షాట్‌నూ అడ్డుకోవాలనీ ప్రయత్నించేవాడు కాదు. నాలుగైదు అడ్డుకుంటే చాలు, మిగతావన్నీ ఎదుటివాడు భయంతో తొందరపడి పాడుచేసుకుంటాడని అతనికి తెలుసు. ఏ పట్టికలోనూ కనబడని పని అదే.

1957 ఏప్రిల్ 13. సెయింట్ లూయిస్‌తో ఫైనల్స్ ఏడో ఆట, బోస్టన్ గార్డెన్‌లో. కూజీ, షార్మన్ ఇద్దరూ కలిసి వేసిన 40 షాట్లలో పడినవి అయిదు. ఆ జట్టు వైభవమంతా మోసినవాళ్లు ఆ రోజు చేతులెత్తేశారు. మరో కొత్త ఆటగాడు టామ్ హైన్సన్ 37 పాయింట్లు, 23 రీబౌండ్లతో ఆదుకున్నాడు. నిర్ణీత సమయంలో ఇంకా నలభై సెకన్లున్నాయి, బోస్టన్ 103, సెయింట్ లూయిస్ 102. హాక్స్ ఆటగాడు జాక్ కోల్‌మన్‌కు మధ్యగీత దగ్గర బంతి అందింది. ముందు ఎవరూ లేరు, రింగు వైపు సాగిపోయాడు. కోల్‌మన్‌కు బంతి విసిరిన క్షణంలో రసెల్ కోర్టు ఆ చివరి గీత దగ్గరున్నాడు. అంత దూరమూ పరిగెత్తి వచ్చి, కోల్‌మన్ చేతిలోంచి లేచిన బంతిని వెనకనుంచి అడ్డుకున్నాడు. ఆట రెండుసార్లు అదనపు సమయంలోకి వెళ్లింది. చివరి సెకనులో హాక్స్ ఆటగాడూ శిక్షకుడూ అయిన అలెక్స్ హానమ్ కోర్టు ఈ కొస నుంచి బంతిని అవతలి బోర్డుకు కొట్టాడు. అది బాబ్ పెటిట్ చేతికి వచ్చింది. అతని షాట్ రింగు మీద దొర్లి బయటపడింది. 125-123. సెల్టిక్స్‌కు తొలి ఛాంపియన్‌షిప్. రసెల్ 19 పాయింట్లు, 32 రీబౌండ్లు. కోల్‌మన్ షాట్‌ను అడ్డుకున్నందుకు స్కోరు పుస్తకంలో ఏ అంకే లేదు. అడ్డుకున్న షాట్లను ఎన్.బి.ఎ. అధికారికంగా లెక్కించడం 1973-74లో మొదలుపెట్టింది. అప్పటికి రసెల్ ఆట మానేసి నాలుగేళ్లు.

రెండో ఏడు, 1957-58లో, అతని సగటు 22.7 రీబౌండ్లు. ఆటగాళ్లు ఓట్లువేసి అతన్ని లీగులో అత్యంత విలువైన ఆటగాడిగా ఎన్నుకున్నారు. అదే ఏడు పత్రికల వారు ఎంచే ఉత్తమ జట్లలో అతనికి రెండో జట్టులో చోటిచ్చారు. లీగులో అందరికన్నా విలువైనవాడు, లీగులోని మొదటి అయిదుగురిలో లేడు. ఎదురుగా నిలబడి ఆడినవాళ్లు ఒకటి చూశారు, పైనుంచి చూసి రాసినవాళ్లు మరొకటి చూశారు. ఆ రోజుల్లో దక్షిణ రాష్ట్రాలకు వెళ్లినా, సెయింట్ లూయిస్‌కే వెళ్లినా, అతనికి తోటివాళ్లతో కలిసి భోజనం పెట్టని చోట్లు ఇంకా ఉన్నాయి.

1958 ఫైనల్స్‌లో మళ్లీ అవే రెండు జట్లు. మూడో ఆటలో రసెల్ చీలమండ బెణికి కుప్పకూలాడు. కూజీ ఉన్నాడు, షార్మన్ ఉన్నాడు, హైన్సన్ ఉన్నాడు. పాయింట్లు వేసేవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఆరో ఆటలో పెటిట్ 50 పాయింట్లు వేశాడు, హాక్స్ 110-109తో గెలిచి ఛాంపియన్లయ్యారు. రసెల్ అంతకాలం ఏం చేస్తూ వచ్చాడో చూపించడానికి అతను సరిగా ఆడలేని ఆ కొద్ది రోజులు చాలాయి. మరుసటి ఏడు అతను కోలుకుని వచ్చాక బోస్టన్ ఫైనల్స్‌లో మినియాపొలిస్ లేకర్స్‌ను ఒక్క ఆటా వదలకుండా 4-0తో ఓడించింది. 1959 నుంచి 1966 దాకా వరసగా ఎనిమిదేళ్లు ఆ లీగులో ఇంకే జట్టూ గెలవలేదు. ఆ ఎనిమిదేళ్ల చరిత్ర వేరొక ఉపన్యాసానికి తగినది, నాకన్నా సమర్థులు ఇదే వేదిక మీద దాన్ని చెబుతారని ఆశిస్తున్నాను.